పిచ్చుక లెక్క, అగాధపు చేప లెక్క

ఈ నెల పాఠమునకు మేము రెండు ప్రాణులను ఎన్నుకొంటిమి. మొదటిది ప్రతి గ్రామస్థునికిని ఎరుకయైన ఊరపిచ్చుక. రెండవది మన పాఠకులలో చాలమంది పేరైనను వినియుండని చేప. దానిని ఆరెంజి రఫీ అందురు. న్యూజీలాండు, ఆస్ట్రేలియా దేశములకు చేరువనున్న సముద్రములలోను, అట్లాంటిక్ మహాసముద్రమునందును, ఆఫ్రికా ఖండపు నైరుతి మూలనున్న నమీబియా తీరమునకు ఎదురుగను, ఇంచుమించు వేయి మీటర్ల లోతున అది జీవించును. ఒకటి మన ఇంటి చూరులో కాపురముండును. రెండవది సూర్యరశ్మి చొరని చీకటిలో, మునిగియున్న కొండల చుట్టు తిరుగుచుండును.

ఈ రెంటికిని గ్రామ పంచాయతి సభ్యునికిని ఏమి సంబంధమని ఎవరైన అడుగవచ్చును. పంచాయతి సభ్యుడు ఊరుమ్మడి సొత్తునకు కాపరి. చెరువులోని చేపలు, పోరంబోకులోని చెట్లు, పశువులు మేయు బీళ్లు, భూమిలోని నీరు, వీనిలో దేనిని ఎంత తీసికొనవచ్చునో, దేనిని ముట్టరాదో అతడు సమావేశమున చేయెత్తి నిర్ణయించును. ఆ నిర్ణయము సరిగ నుండవలెనన్నచో ఒక లెక్క తెలిసియుండవలెను. తీసికొన్న వస్తువు మరల ఎంత కాలమునకు పూడును అనునదే ఆ లెక్క. దానిని నేర్చుకొనుటకు ఈ పిచ్చుకయు ఈ చేపయు మంచి ఉదాహరణములని మాకు తోచినది.

మొదట పిచ్చుకను చూతము. పిచ్చుకను గానపక్షి యన్నచో నవ్వువారుండవచ్చును. కోకిల వలె అది రాగము తీయదు. కిచకిచమనుటయే దాని సంగీతము. అయినను పక్షిశాస్త్రజ్ఞులు గొంతులోని నాదపేటిక నిర్మాణమును బట్టి దానిని గానపక్షుల వర్గముననే చేర్చిరి. విచిత్ర మేమనగా, అంత చక్కగ కూయు కోకిల ఆ వర్గమునకు చెందదు.

పిచ్చుక బరువు 25 నుండి 30 గ్రాములు. దాని శరీరపు వేడిమి 41 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున నుండును. మనకు అంతటి జ్వరము వచ్చినచో వైద్యునికొరకు పరుగెత్తుదుము. దానికి అది ఆరోగ్యము. చిన్న శరీరమగుటచే ఆ వేడిమి త్వరగా బయటికి పోవుచుండును. కావున అది తెల్లవారినది మొదలు చీకటి పడువరకు తినుచునే యుండవలెను. చలికాలమున ఒకటి రెండు దినములు మేత దొరకకున్న చాలును, ప్రాణము నిలువదు. దీనికి తోడు పిల్లి, పాము, కాకి, డేగ మున్నగు శత్రువులు ఎన్నియో కలవు. ఒక సంవత్సరమున నున్న పెద్ద పిచ్చుకలలో మరుసటి సంవత్సరమునకు ఇంచుమించు సగము మాత్రమే మిగులును. రక్షణలో పెంచినచో 20 సంవత్సరములకు పైగా బ్రతికిన పిచ్చుకలు లేకపోలేదు. ఆరుబయట మాత్రము రెండు మూడు ఏండ్లు గడచుటయే గొప్ప.

ఇట్టి ప్రాణి వంశము నిలుపుకొను మార్గ మేమి? త్వరపడుటయే. పుట్టిన మరుసటి ఋతువునకే అది గూడు కట్టును. ఒక విడతకు 3 నుండి 5 గ్రుడ్లు పెట్టును. పదిపండ్రెండు దినములు పొదిగిన పిదప పిల్లలు వెలువడును. మరి రెండు వారములకు అవి గూడు విడుచును. వెంటనే తల్లి మరియొక విడతకు సిద్ధమగును. ఈ విధముగ ఏడాదికి రెండు మూడు విడతలు, అనుకూలమైనచో నాలుగు విడతలును నడచును. తల్లిదండ్రులు రెండును మేత తెచ్చి పిల్లల నోట పెట్టును. పిచ్చుక గింజలు తిను పక్షి యని మన మనుకొందుము. పెద్ద పిచ్చుకల విషయమున అది నిజమే. గూటిలోని పసిపిల్లలకు మాత్రము మొదటి దినములలో పురుగులే ఆహారము. ఈ చిన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

ఇప్పుడు లెక్క వేయుదము. ఒక గ్రామమున 100 జతలు, అనగా 200 పిచ్చుకలు కలవనుకొందము. జతకు ఏడాదికి మూడు విడతలు, విడతకు 4 గ్రుడ్లు చొప్పున మొత్తము 1,200 గ్రుడ్లగును. పెద్దవానిలో సగము, అనగా 100 చచ్చును. సంఖ్య తగ్గకుండవలెనన్నచో 1,200 గ్రుడ్లలో 100 మాత్రము పెద్దవి కావలెను. అనగా పండ్రెండింట ఒకటి. ఒక యేడు గ్రుడ్లు పెట్టక మునుపే పిల్లులో, చలిగాలియో 40 పిచ్చుకలను అదనముగ తీసికొనిపోయిన వనుకొందము. మిగిలిన 80 జతలు 960 గ్రుడ్లు పెట్టును. ఆ 160 పిచ్చుకలలో 80 మిగులును. 120 పిల్లలు దక్కినచో మరల 200 అగును. అనగా ఎనిమిదింట ఒకటి దక్కిన చాలును. గుంపు పలుచనైనపుడు మిగిలిన వానికి మేతయు గూటి చోటును ఎక్కువగ దొరకును గనుక ఇది అసాధ్యము కాదు. ఒకటి రెండు ఏండ్లలో గండి పూడును.

ఇది కేవలము కాగితపు లెక్క కాదు. 1851, 1852 సంవత్సరములలో అమెరికాలోని న్యూయార్కు ప్రాంతమున ఇంగ్లండు నుండి తెచ్చిన కొలది పిచ్చుకలను విడిచిరి. అరువది సంవత్సరములు నిండకముందే వాని సంతతి ఆ ఖండమున ఒక సముద్రతీరము నుండి రెండవ సముద్రతీరము వరకు వ్యాపించెను. చైనాలో జరిగినది దీనికి విపరీతము. అచట 1958లో ధాన్యము తినుచున్నవను నెపమున పిచ్చుకలపై దేశవ్యాప్తమైన ఉద్యమము సాగినది. జనులు పళ్లెములు వాయించి, అరచి, అవి ఎచటను వాలకుండ తరిమిరి. అలసి నేలరాలిన వానిని చంపిరి. గూళ్లు పడగొట్టిరి. ఆ పిచ్చుక మన ఊరపిచ్చుకకు దగ్గరి చుట్టము. పైరులపై పురుగులు పెచ్చుపెరిగిన పిదప 1960లో ఆ పట్టికనుండి పిచ్చుక పేరు తొలగించి నల్లిపేరు చేర్చిరి. అంతటి సంహారము జరిగినను నేడు చైనా పట్టణములలోను పల్లెలలోను అది సామాన్యముగ కనబడు పక్షియే.

ఇక చేపను చూతము. ఆరెంజి రఫీ బ్రతికియున్నపుడు ఇటుకరాతి వంటి ఎరుపురంగున నుండును. చచ్చిన పిదప నారింజరంగునకు తిరుగును. పొడవు సామాన్యముగ 30 నుండి 50 సెంటిమీటర్లు. తల పెద్దది, దానినిండ జిగురు నిండిన గుంటలు. అందుచే ఈ జాతి చేపలకు ఆంగ్లమున జిగటతల అని అర్థమిచ్చు పేరు ఉండెడిది. ఆ పేరు చెప్పినచో బజారులో ఎవరు కొందురు? వర్తకులు పేరు మార్చి అమ్మకమునకు పెట్టిరి. మాంసము తెల్లగ, నీచువాసన లేక యుండుటచే అమెరికా భోజనశాలలలో దానికి గిరాకి పెరిగినది. పేరు మార్పు చేపకు కలిసిరాలేదు.

అది నివసించుచోట నీరు మన వేసవి కూజానీటికన్న చాల చల్లన. 4 నుండి 7 డిగ్రీల వేడిమి మాత్రముండును. చేప శరీరమునకును ఆ నీటి వేడిమియే. పైనున్న నీటి బరువు అక్కడ భూమిపై మనమీద నుండు గాలి ఒత్తిడికి నూరురెట్లు. పైరు మొలచుటకు వెలుతురు లేదు. పైనుండి దిగివచ్చునవియు, కొండల చుట్టు పారు ప్రవాహములు తెచ్చునవియునగు రొయ్యలు, చిన్న చేపలు దాని ఆహారము. శత్రువులు తక్కువ. తొందరలేని బ్రతుకు. అట్టి బ్రతుకులో పెరుగుదలయు నిదానమే. గ్రుడ్లు పెట్టు వయస్సు వచ్చుటకు దానికి 20 నుండి 40 సంవత్సరములు పట్టును. సగటున 30 అనుకొనవచ్చును. అనగా మన పిచ్చుక పుట్టి, పెంచి, చచ్చి, దాని సంతతి ముప్పది తరములు గడచిన పిదప ఈ చేప మొదటి గ్రుడ్డు పెట్టును!

గ్రుడ్లైనను చాల పెట్టునా యన్నచో, చేపలలో అది పిసినారియే. మన చెరువులలోని బొచ్చె, శీలావతి చేపలు ఒక్కొక్కటి లక్షలకొలది గ్రుడ్లు పెట్టగా ఆరెంజి రఫీ కొన్ని పదులవేలు మాత్రమే పెట్టును. ప్రతి చేపయు ప్రతి యేడును పెట్టదు. పెట్టిన గ్రుడ్లను నీటికి విడిచి తన దారిని పోవును. ఈ విషయమున మన కొరమేను మేలు. అది పిల్లల గుంపును కాచి తిరుగునని చెరువుగట్టున పెరిగిన ప్రతి బాలునికిని తెలియును. రఫీ పిల్లలను కాచువారు లేరు. అనేక సంవత్సరములు వరుసగ పిల్లలు సరిగ దక్కకపోవుటయు కలదు. అయినను ఆ జాతి ఏల నిలిచినది? పెద్ద చేపలు చావకుండుటచేతనే. ఒక యేడు చెడినను మరుసటి యేడు, పదియేండ్లు చెడినను ఆ పిమ్మటి పదియేండ్లు చూచుకొనును. కాలమే దానికి పెట్టుబడి.

దాని ఆయువును ఎట్లు కనుగొనిరో చెప్పవలెను. చేప తలలో చెవి చోట రాయివంటి గట్టి ముక్క యొకటి యుండును. చెట్టు మ్రానును అడ్డముగ కోసినపుడు వలయములు కనబడునట్లే, ఈ చెవిరాతిని పలుచగ కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో వలయములు కనబడును. వానిని లెక్కించగా నూరుకు పైబడినవి. తొలుత పలువురు శాస్త్రజ్ఞులు నమ్మలేదు. ఒక కిలో రెండు కిలోల చేపకు నూరేండ్లా యని సందేహించిరి. తగవు తీర్చుటకు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు మరియొక గడియారమును వెదకిరి. సముద్రజలములో రేడియము అతిస్వల్పముగ నుండును. చేప పసితనముననే అది చెవిరాతి నడుమ చేరును. అటుపిమ్మట అది తెలిసిన లెక్క ప్రకారము క్రమముగ ఒకవిధమైన సీసముగ మారుచుండును. సీసమెంత చేరినదో కొలిచినచో రాయి వయస్సు తెలియును. 1991లో ప్రకటించిన ఈ పరీక్షయందు నూరు సంవత్సరములు దాటిన చేపలు కలవని రుజువైనది. పసిఫిక్ సముద్రములోని లూయివిల్ అను మునిగిన పర్వతశ్రేణి వద్ద దొరకిన చేపలలో కొన్నింటి వయస్సు 230 సంవత్సరములకు పైబడినదని 2021లో న్యూజీలాండు శాస్త్రజ్ఞులు తెలిపిరి.

230 సంవత్సరములన్న ఎంత? వేమన పద్యములను అచ్చువేయించిన సి. పి. బ్రౌను 1798లో పుట్టెను. ఆ చేపలు అంతకు ముందే పుట్టినవి. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. ఆ కాలువల నీరు మొట్టమొదట పొలమునకు పారిన యేట పుట్టిన ఆరెంజి రఫీ నేడును బ్రతికియుండుట అసంభవము కాదు. అదే యేట గోదావరి గట్టున పుట్టిన పిచ్చుకకు నేటి పిచ్చుక నూటయేబదవ తరమునకు మించిన మునిమనుమడు.

ఈ చేప వేట న్యూజీలాండు సముద్రములలో 1970ల చివర మొదలైనది. గ్రుడ్లు పెట్టు కాలమున రఫీలు మునిగిన కొండల శిఖరములచుట్టు వేలకొలది గుమిగూడును. ధ్వనితరంగములచే లోతును కనుగొను యంత్రములకు ఆ గుంపులు మేఘములవలె కనబడినవి. పెద్ద ట్రాలరు వల ఒకమారు దింపినచో కొన్ని నిమిషములలో పదులకొలది టన్నుల చేప పడెడిది. చూచినవారు ఇది తరుగని గని యనుకొనిరి. ఇతర చేపలవలెనే ఇదియు కొలది ఏండ్లలో పెరుగునని తలచి, ఎంత పట్టవచ్చునో అను పరిమితిని కూడ ఎక్కువగ నిర్ణయించిరి. 1989లో ఆస్ట్రేలియాకు చెందిన టాస్మేనియా తీరమున సెయింట్ హెలెన్స్ అను మునిగిన కొండవద్ద మరియొక పెద్ద గుంపు దొరకినది. 1990లో ప్రపంచమంతట పట్టిన రఫీ 90 వేల టన్నులు దాటినది. కొలది సంవత్సరములకే పట్టుబడి పడిపోయినది. నమీబియాలో 1990ల నడుమ ప్రారంభమైన వేట ఆ దశాబ్దము ముగియునప్పటికే కుంటుపడినది. న్యూజీలాండు పడమటనున్న ఛాలెంజరు పీఠభూమి వద్ద చేప తరిగిపోగా 2000లో వేటను పూర్తిగా ఆపివేసిరి.

ఇందులో మోసమెచట నున్నదో గమనింపుడు. గుంపు పెద్దదిగ కనబడుట నిజమే. కాని అది నూరు, నూటయేబది సంవత్సరముల కూడబెట్టు. ఏటేట చేరు ఆదాయము కాదు. ఇచట కూడ లెక్క వేయుదము. గుంపులో వేయి పెద్ద చేపలున్న వనుకొందము. ఏటికి సహజముగ చచ్చునవి నూటికి నాలుగైదు మాత్రమే, అనగా 45. వాని స్థానమున చేరు క్రొత్త చేపలును ఇంచుమించు అన్నియే. ఇప్పుడు ట్రాలరు వచ్చి ఏడాదికి 200 పట్టినచో, ఐదారు ఏండ్లలో గుంపు దాదాపు ఖాళీ. పిచ్చుకలలో 200 లో 40, అనగా ఐదింట ఒకటి పోయినను ఒకటి రెండేండ్లకు సర్దుకొనెను. ఇక్కడను ఐదింట ఒకటే. ఫలితము మాత్రము వేరు. చేప గ్రుడ్డు పెట్టి పూడ్చవలెనన్నచో 30 సంవత్సరములు ఆగవలెను. ఈ చేపలలో తొలుతనున్న మొత్తము రాశిలో ఏడాదికి నూటికి ఒకటి రెండు పాళ్లకు మించి తీయరాదని తరువాతి అంచనాలు తేల్చినవి.

పాఠకులలో వడ్డీవ్యవహారము తెలియనివారుండరు గనుక మరియొక సంగతి చెప్పుదుము. ఒకని ఆస్తి ఏటికి నూటికి రెండు చొప్పున మాత్రమే పెరుగుచున్నది. బ్యాంకులో వేసినచో నూటికి ఆరేడు వచ్చును. అతడేమి చేయును? ఆస్తి నమ్మి సొమ్ము బ్యాంకులో వేయును. అతడు మూర్ఖుడు కాడు, లెక్క తెలిసినవాడు. 1973లో కెనడా దేశపు గణితశాస్త్రజ్ఞుడు కాలిన్ క్లార్కు తిమింగిలముల వేటను దృష్టిలో నుంచుకొని దీనినే రుజువు చేసెను. నెమ్మదిగ పెరుగు ప్రాణిని చివరిదాక పట్టి అమ్మి, డబ్బును వేరొకచోట పెట్టుటయే వ్యాపారికి లాభకరమని ఆ లెక్క చెప్పుచున్నది. చేపలు అంతరించునని తెలిసినంత మాత్రమున వేట ఆగదన్నమాట. ఈ కారణముచేతనే నెమ్మదిగ పెరుగు సొత్తును వ్యాపారి వివేకమునకు విడిచిపెట్టరాదు. అందరి పక్షమున మాటాడువారెవరో అడ్డు నిలువవలెను. న్యూజీలాండులో ప్రభుత్వము 1986 నుండి కోటా పద్ధతిని పెట్టినది. ఆ కోటాలే మొదట ఎక్కువగ నుండెనన్నది వేరు విషయము.

అట్లయినచో పిచ్చుకకు భయమేమియు లేదా? అట్లును కాదు. త్వరగ పెరుగు ప్రాణి త్వరగ తరుగును కూడ. బ్రిటనులో 1970ల చివరినుండి ఊరపిచ్చుకల సంఖ్య సగమునకు మించి పడిపోయినది. అక్కడ వానిని ఎవరును పట్టి చంపలేదు. కారణ మొక్కటియే యని చెప్పుటకు వీలులేదు కాని, పరిశోధకులు గూళ్లను పరీక్షించినపుడు పురుగులు చాలక పసిపిల్లలు గూటిలోనే చచ్చుట కనబడినది. పండ్రెండింట ఒకటి దక్కవలసినచోట ఆ ఒకటియు దక్కకపోయినచో, పెద్దవానిలో ఏటికి సగము చచ్చు జాతి రెండు మూడేండ్లలో పలుచబడును. పెద్ద చేపవలె నూరేండ్లు వేచియుండుటకు దానికి ఆయువు లేదు. కావున చేప బలహీనత యొకచోట, పిచ్చుక బలహీనత యింకొకచోట. చేపకు పెద్దవి పోరాదు. పిచ్చుకకు గూడును పిల్లల మేతయు పోరాదు.

మన దేశమునందు స్థితి అంత చెడలేదు. 2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక ప్రకారము పాతిక సంవత్సరములకు పైగా దేశము మొత్తముమీద పిచ్చుకల సంఖ్య ఇంచుమించు స్థిరముగనే యున్నది. మహానగరములలో మాత్రము తగ్గినది. గోదావరి మండలమున ఇంటి ముంగిట వరికుచ్చులు కట్టు ఆచారము కలదు. అది మంచి ఆచారమే. అయితే ఆ గింజలు పెద్ద పిచ్చుకలకే ఉపయోగపడును. పిల్లలకు కావలసినది కంచె మొక్కలు, పెరటి పాదులు, వానిమీది పురుగులు. పూరికప్పు, పెంకుటిల్లు పోయి సిమెంటు కప్పు వచ్చిన ఊరిలో గూటికి సందు దొరకదు. పంచాయతి భవనమో, పాఠశాలయో కట్టునపుడు చూరు క్రింద కొన్ని కొయ్యపెట్టెలు అమర్చి, వానికి 32 మిల్లీమీటర్ల వెడల్పు రంధ్రము విడిచినచో పిచ్చుకకు చాలును. దీనికి ఖర్చు లేదనియే చెప్పవచ్చును.

ఇంక ఊరి సొత్తు మాటకు వత్తము. చెరువులోని బొచ్చె, శీలావతి పిచ్చుక జాతి వ్యవహారము. నిలువనీటి చెరువులో అవి గ్రుడ్లు పెట్టవు. వానకాలమున పిల్లలను తెచ్చి విడుతుము, ఏడాది తిరుగునప్పటికి పట్టుదుము. వేసవిలో ఒక్క చేప మిగులకుండ పట్టినను నష్టము లేదు. మరుసటి యేట మరల విడువవచ్చును. కాని చెరువే పూడిపోయినచో, లేక గట్టు లోపలి భూమి ఆక్రమణకు గురియైనచో విడుచుటకు చోటుండదు. చెరువు వేలమునుగూర్చి సమావేశములలో గంటలకొలది వాదము జరుగుటయు, పూడిక మాట ఐదు నిమిషములలో ముగియుటయు మేము పలుచోట్ల చూచితిమి. లెక్క ప్రకారము ఇది తలక్రిందులు.

చింతచెట్టు, తాటిచెట్టు, చెరువుగట్టు మీది మర్రి ఇవి రఫీ జాతి వ్యవహారము. తాటిచెట్టు కాపునకు వచ్చుటకు పండ్రెండు నుండి ఇరువది యేండ్లు పట్టును. విత్తునుండి మొలచిన చింత కాపునకు రావలెనన్న ఎనిమిది పదియేండ్లైన గడువవలెను. నిండుచెట్టు కావలెనన్న ఇంకను చాల కాలము. చింతపండు వేలమువలన ఏటేట వచ్చునది వడ్డీ. చెట్టు కొట్టి కలపగ అమ్మినచో వచ్చునది అసలు. జమా పుస్తకమున రెండును ఒకే వరుసలో ఆదాయముగనే కనబడును, అక్కడనే చిక్కు. రోడ్డు వెడల్పు కొరకో, బాకీ తీర్చుటకో గట్టుమీది నలుబది చెట్లను అమ్మవలెనని తీర్మానము వచ్చినపుడు, ఒక్క మొక్కకు బదులు పది మొక్కలు నాటెదమను మాట వెంటనే వినబడును. పది మొక్కలలో ఎన్ని బ్రతుకునో, అవి నీడనిచ్చు నాటికి ఆ సభలో ఉన్నవారు ఎంతమంది యుందురో అడుగువాడు అరుదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2002లో చేసిన నీరు, భూమి, చెట్ల చట్టము చెట్టు కొట్టుటకు ముందు అనుమతి పొందవలెననియు, బావులను నమోదు చేయవలెననియు చెప్పుచున్నది. సభ్యులు ఆ చట్టమును తెప్పించుకొని చదువుట మంచిది.

భూగర్భజలము ఈ రెండు జాతులకును నడుమ నున్నది. వానకు ఊరు పైపొర నీరు పిచ్చుకవంటిది. ఒక మంచి వానకాలము దానిని నింపును. రాయలసీమలోను తెలంగాణములోను రాతి పగుళ్లలో చాల లోతున నిలిచిన నీరు ఆ విధముగ నిండదు. క్రొత్త బోరులో మొదటి యేడు ఉధృతముగ నీరు పడినచో మనము సంతోషింతుము. సెయింట్ హెలెన్స్ కొండవద్ద మొదటి వల తీసినవారును సంతోషించిరి.

ఆ చేపల కథ ఎచటికి వచ్చినదో చెప్పి ముగింతుము. 2006లో ఆస్ట్రేలియా ప్రభుత్వము ఆరెంజి రఫీని సంరక్షణ అవసరమైన జాతుల పట్టికలో చేర్చి, ప్రధానమైన గుంపుల వేటను నిలిపినది. న్యూజీలాండులోని ఛాలెంజరు పీఠభూమి వద్ద 2010లోను, ఆస్ట్రేలియా తూర్పు ప్రాంతమున 2015లోను కొద్దిపాటి వేటను తిరిగి అనుమతించిరి. చేపలు మరల కనబడుటచే కొందరు ఊపిరి పీల్చుకొనిరి. అయితే ఆ నడుమ పెద్దవై గుంపులో చేరిన చేపలలో చాలభాగము వేట ముమ్మరము కాకమునుపు, తల్లిచేపలు నిండుగనున్న రోజులలో పుట్టినవి. తల్లులు తరిగిపోయిన తరువాత పుట్టిన పిల్లలు ఎన్ని దక్కినవో ఇంకను తేలవలసియున్నది. 2006లో, వేట నిలిపిన యేట, మన చూరులో పుట్టిన పిచ్చుక ఏనాడో చచ్చినది. దాని సంతతి పదునెనిమిదవ తరమును దాటినది. అదే యేట అక్కడి చీకటినీటిలో పుట్టిన రఫీ పిల్ల ఇంకను మొదటి గ్రుడ్డు పెట్టలేదు. 2036 ప్రాంతమున పెట్టవచ్చును.